జూపిటర్ బొమ్మలు చూడాలంటే ఏ ఊరికి వెళ్ళాలి: వియన్నా, మాంటువా, పారిస్, ఇంకా కొన్ని

కిందటి నెల విజయవాడ నుంచి మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. పది రోజులు యూరప్ వస్తున్నారట. వాళ్ళ ఎనిమిదేళ్ళ పిల్లాడికి గ్రహాల పిచ్చి, జూపిటర్ చుట్టూ తిరిగే అయో, యూరోపా, గానిమీడ్, కలిస్టో పేర్లు నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. ఆ పేర్ల వెనక ఏవో రోమన్ కథలున్నాయని, వాటిని పెద్ద పెద్ద చిత్రకారులు బొమ్మలు వేశారని వాడు ఎక్కడో విన్నాడు. "అవి ఎక్కడుంటాయి అన్నయ్యా, అన్నీ తిరగలేం, ఒకటో రెండో చెప్పు" అంది. నేను ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటున్నాను, సెలవు దొరికితే మ్యూజియంల మీదే పడతాను కాబట్టి ఫోన్లోనే గంటసేపు చెప్పాను. ఇలాంటి ప్రశ్న ఇంకొందరికి కూడా ఉంటుందనిపించి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక చిక్కు తీసేద్దాం. మనం గ్రహాన్ని బృహస్పతి అంటాం కాబట్టి జూపిటర్ అంటే దేవగురువు అనుకుంటాం, కానీ రోమన్ల జూపిటర్‌కి మన దగ్గర సరైన పోలిక ఇంద్రుడు. దేవతల రాజు, చేతిలో పిడుగు, ఆకాశం ఆయనది, వాన ఆయనది. మాట మూలం చూస్తే వేదంలోని ద్యౌష్పితకు, జూపిటర్‌కు పుట్టుక ఒకటే. స్వభావం కూడా అంతే, ఇంద్రుడు గౌతముడి రూపంలో అహల్య దగ్గరికి వెళ్ళినట్టే జూపిటర్ ఆంఫిట్రియాన్ రూపంలో అతని భార్య ఆల్క్‌మేనా దగ్గరికి వెళ్తాడు. అహల్య కథ తెలిసిన తెలుగువాళ్ళకి ఈ బొమ్మలు అర్థం కావడానికి పెద్ద పుస్తకాలేం అక్కర్లేదు.

ఇక ఎంపిక. నా అభిప్రాయం సూటిగా చెప్తాను, సింహాసనం మీద గడ్డంతో కూర్చున్న జూపిటర్ కోసం పనిగట్టుకుని ప్రయాణం చేయకండి, మారువేషంలో ఉన్న జూపిటర్ కోసం చేయండి. ఎందుకంటే సింహాసనం జూపిటర్ అనేది దాదాపు ఒకే బొమ్మ. క్రీస్తుపూర్వం అయిదో శతాబ్దంలో ఫిడియాస్ అనే గ్రీకు శిల్పి ఒలింపియాలో బంగారంతో, దంతంతో చేసిన జ్యూస్ (జూపిటర్‌కి గ్రీకుల పేరు) విగ్రహం ఎప్పుడో పోయింది గానీ, ఆ గడ్డం, ఆ జుట్టు, ఆ కూర్చున్న తీరు రోమన్లకు వచ్చాయి, వాళ్ళ నుంచి తర్వాతి చిత్రకారులందరికీ వచ్చాయి. వాటికన్ మ్యూజియంలో గుండ్రటి గదిలో ఒట్రికోలిలో దొరికిన పెద్ద పాలరాతి తల ఉంది, అది ఒక్కటి చూస్తే ఈ వరస మొత్తం చూసినట్టే. అదే మారువేషం అయితే మేఘంగా వచ్చిన దేవుణ్ణి ఎలా వెయ్యాలి, బంగారు వానగా వచ్చినవాణ్ణి ఎలా వెయ్యాలి అని ఒక్కో చిత్రకారుడు తన బుర్ర తానే బద్దలు కొట్టుకోవాల్సి వచ్చింది, అందుకే అక్కడ ఒకదానికి ఇంకోదానికి పోలిక ఉండదు.

నన్ను ఒక్కటే చెప్పమంటే వియన్నా చెప్తాను. కున్‌స్ట్‌హిస్టోరిషెస్ మ్యూజియంలో కొరెజ్జో వేసిన 'జూపిటర్ - అయో' ఉంది, 1530 ప్రాంతంలోది. మనిషంత ఎత్తు, వెడల్పు అందులో సగం కూడా ఉండదు, తలుపు సందులోంచి చూస్తున్నట్టుంటుంది. అయో వీపు మనవైపు పెట్టి తెల్లటి గుడ్డ మీద కూర్చుని ఉంటుంది, ఆ చర్మం మీద వెలుగు అంత మెత్తగా ఉంటుంది కాబట్టి కన్ను ముందు అక్కడికే పోతుంది. కాసేపు నిలబడితే ఆమె నడుము చుట్టూ ఉన్నది నీడ కాదని తెలుస్తుంది. బూడిదరంగు మబ్బు, ఎలుగుబంటి పంజా లాంటి చెయ్యి, వేళ్ళెక్కడ మొదలయ్యాయో పొగ ఎక్కడ అయిపోయిందో చెప్పలేం. అప్పుడు పైకి చూస్తే ఆమె ముఖానికి ఆనుకుని, ఆ మబ్బులోనే, మసగ్గా ఒక మగవాడి ముఖం. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఆ ముఖం కనిపించడానికి ఒకట్రెండు నిమిషాలు పట్టింది, కనిపించాక ఒళ్ళు జలదరించింది. ఆ తర్వాత ఎన్నిసార్లు చూసినా ఆ ముఖం కనిపించకుండా ఉండదు.

అయితే ఒక మాట మాత్రం చెప్పి తీరాలి. ఓవిడ్ అనే రోమన్ కవి రాసిన కథలో అయో పారిపోతుంది, ఆమెను ఆపడానికే జూపిటర్ నేలంతా చీకటి మబ్బు కమ్మేస్తాడు. కొరెజ్జో బొమ్మలో ఆమె పారిపోవడం లేదు, పరవశంలో ఉంది. ఈ బొమ్మలు చాలావరకు ప్రభువుల సొంత గదుల కోసం వేసినవి, వేయించుకున్నవాళ్ళకి ఏం కావాలో అదే వేశారు. బొమ్మ ఎంత అందంగా ఉన్నా ఆ పిల్ల కథ ఇది కాదని గుర్తుపెట్టుకుని చూడాలని నా కోరిక. ఆ మబ్బు కథకి ఇంకో ముక్క ఉంది, మబ్బు పట్టడం చూసి అనుమానం వచ్చి జూపిటర్ భార్య జూనో కిందికి దిగి వస్తుంది. నాసా 2011లో పంపి, 2016లో జూపిటర్ గ్రహం దగ్గరికి చేరిన నౌకకి జూనో అని పేరు పెట్టింది అందుకే, ఆ గ్రహం మబ్బుల కింద ఏముందో చూడటం దాని పని. మా పిల్లాడికి ఈ సంగతి ఆ బొమ్మ ముందు నిలబెట్టి చెప్పమని మా చెల్లెలికి చెప్పాను. బొమ్మ నగ్నంగా ఉంది కదా అని ఆమె కాస్త టెన్షన్ పడింది, కానీ ఇక్కడి బళ్ళవాళ్ళు పిల్లల్ని మ్యూజియంలకి తీసుకొచ్చి ఇలాంటి బొమ్మల ముందు నేలమీద కూర్చోబెట్టి పాఠం చెప్తారు, పిల్లలు పెద్దగా పట్టించుకోరు.

అదే మ్యూజియంలో, అదే కొలతలతో, కొరెజ్జోదే 'గానిమీడ్' కూడా ఉంది. జూపిటర్ గద్ద రూపంలో అందమైన కుర్రాణ్ణి ఎత్తుకుపోతుంటాడు, కింద అతని తెల్లకుక్క తలెత్తి చూస్తుంటుంది. ఆ కుక్క కోసమైనా ఆగండి. ఇప్పుడు దీన్ని డ్రెస్డెన్‌లో రెంబ్రాంట్ 1635లో వేసిన గానిమీడ్‌తో పోల్చి చూడండి. అక్కడ అందమైన కుర్రాడు లేడు, బొద్దుగా ఉన్న పసివాడు ఉన్నాడు, గద్ద చొక్కా పట్టి లాగితే కిందిభాగమంతా బయటపడి, చేతిలో చెర్రీ పళ్ళు వదలకుండా, గుక్కపట్టి ఏడుస్తూ, భయంతో ఉచ్చపోసుకుంటుంటాడు. పసివాణ్ణి గద్ద ఎత్తుకుపోతే నిజంగా జరిగేది అదే కదా. ఒకే కథలో కొరెజ్జో దేవుడి పక్కన నిలబడితే రెంబ్రాంట్ పిల్లాడి పక్కన నిలబడ్డాడు. జర్మనీలోనే తిరిగేవాళ్ళు, బెర్లిన్ నుంచి ప్రాగ్ వెళ్ళే దారిలో ఉన్నవాళ్ళు వియన్నా కుదరకపోతే డ్రెస్డెన్‌లో దిగండి, రెండు గంటలు కేటాయిస్తే చాలు. బెర్లిన్ గెమాల్డెగలరీలో కొరెజ్జోదే 'లేడా - హంస' ఉంది, జూపిటర్ హంసగా వచ్చిన కథ. పద్దెనిమిదో శతాబ్దంలో ఓర్లియాన్ ప్రభువు ఒకాయన ఇది బూతుబొమ్మ అని కత్తితో కోసేశాడు, తర్వాత అతికించి బాగుచేశారు, లేడా తల మాత్రం కొరెజ్జో వేసింది కాదు, తర్వాతివాళ్ళు వేసి పెట్టింది. అది తెలిసి చూస్తే నాకు ఆ ముఖం దగ్గర మనసు నిలవదు.

ఈ కొరెజ్జో బొమ్మలు వేయించింది మాంటువా ప్రభువు ఫెదెరికో గొంజాగా అని చెప్తారు. అదే ప్రభువు, దాదాపు అవే సంవత్సరాల్లో, ఊరి అంచున తన విలాస భవనం పలాజ్జో తెలో జూలియో రొమానో చేత రాక్షసుల గది వేయించాడు. ఇటలీకి వెళ్ళేవాళ్ళకి, ముఖ్యంగా పిల్లలతో వెళ్ళేవాళ్ళకి, నా ఓటు దీనికే. గదిలోకి అడుగు పెడితే గోడ ఎక్కడ అయిపోయిందో కప్పు ఎక్కడ మొదలైందో తెలియదు, మూలలన్నీ గుండ్రంగా చేసి నేల నుంచి నడినెత్తి దాకా ఒకటే బొమ్మ వేశారు. కొండల మీద కొండలు పేర్చి స్వర్గానికి ఎక్కబోయిన రాక్షసుల మీద జూపిటర్ పిడుగులు విసురుతుంటాడు, స్తంభాలు విరిగి, బండలు దొర్లి, మనకి రెండింతలున్న ముఖాలు మన భుజం దగ్గరే నలిగిపోతుంటాయి. ఈ ఇల్లు ఇప్పుడు మన నెత్తిన పడుతుందా అనిపిస్తుంది. పైన మధ్యలో గుండ్రటి గోపురం కింద జూపిటర్ సింహాసనం ఖాళీగా ఉంటుంది, గద్ద ఒక్కటే కాపలా. రాజు కుర్చీ దిగి యుద్ధానికి వచ్చేశాడు. ఇంకో సరదా, ఆ గదిలో ఒక మూల గోడవైపు తిరిగి గుసగుసగా మాట్లాడితే ఎదురుమూల ఉన్నవాళ్ళకి వినిపిస్తుంది. ఒక పాపాయి వాళ్ళ నాన్నకి ఆ మూలనుంచి ఏదో చెప్తూ పకపకా నవ్వుతుంటే నేను పది నిమిషాలు అలాగే నిలబడి చూశాను. వెరోనా నుంచి రైల్లో గంట లోపే, వెనిస్‌కి వెళ్ళేవాళ్ళు ఒక పూట తీయగలిగితే చాలు.

మరి వియన్నానా మాంటువానా అంటే, ఒక్కరే నిదానంగా నిలబడి చూసే మనిషైతే వియన్నా, కుటుంబంతో అయితే మాంటువా. మాంటువా గదిని ఫోన్ ఫోటోలో చూస్తే సగం కూడా అర్థం కాదు, లోపల ఉండి చూడాలి, అది కూడా దానికి కలిసొచ్చే విషయం.

రోమ్ మాత్రమే వెళ్తున్నవాళ్ళకి రెండు ఉన్నాయి. బోర్గేసే గ్యాలరీలో కొరెజ్జో 'దనాయె', జూపిటర్ బంగారు మబ్బుగా ఆమె మంచం మీదికి వచ్చి వాలే ఘట్టం. కిందిమూల ఇద్దరు బుజ్జి మన్మథులు బాణం మొనని రాయి మీద గీసి చూస్తుంటారు, మన కంసాలి దగ్గర గీటురాయి మీద బంగారం గీసి చూసినట్టే ఉంటుంది, ఆ ముద్దు నేను చెప్పలేను. అక్కడే బెర్నీని చిన్నవయసులో చెక్కిన పాలరాతి శిల్పం, పసి జూపిటర్‌ని పెంచిన అమల్తియా మేక, చూడటం మరిచిపోకండి. బోర్గేసేకి టికెట్ ముందే కొనాలి, రెండేసి గంటల చొప్పున పంపిస్తారు, నేరుగా గేటు దగ్గరికి వెళ్తే దొరుకుతుందని నమ్ముకోవద్దు. రెండోది నది అవతల విల్లా ఫార్నెసీనా, రఫాయెల్ బృందం 1517, 1518లలో వేసిన మన్మథుడి కథ గది. అక్కడ జూపిటర్ ముసలి తాతలా మన్మథుడి గడ్డం పట్టుకుని బుగ్గమీద ముద్దు పెడుతుంటాడు. పిడుగులవాడు తాతయ్య అయిపోయిన బొమ్మ నాకు తెలిసి ఇంత చక్కగా ఇంకెక్కడా లేదు. చుట్టూ అల్లిన పళ్ళ దండల్లో మొక్కజొన్న కంకులు కూడా ఉంటాయి, కొలంబస్ వెళ్ళొచ్చి పాతికేళ్ళే అయింది అప్పటికి, ఆ కొత్త పంట వెంటనే కప్పుకెక్కింది. మధ్యాహ్నానికే మూసేస్తారు, పొద్దున్నే వెళ్ళండి.

మామూలు టూర్‌లో చూడగలిగే దనాయె బొమ్మల్లో ఏది మేలు అంటే నాకు మాడ్రిడ్ ప్రాడోలోని టిషియన్ బొమ్మ ఎక్కువ. టిషియన్ ఈ కథని చాలాసార్లు వేశాడు, నేపుల్స్‌లో ఉన్నది 1544, 45 నాటిది, దాంట్లో పక్కన మన్మథుడు ఉంటాడు. ప్రాడో దాంట్లో మన్మథుడి చోట ముసలి దాసి ఉంటుంది. ఆకాశం నుంచి బంగారు నాణేలు రాలుతుంటే ఆమె గబగబా ఒడి పట్టేస్తుంది. దేవుడు దిగొచ్చాడని ఆమెకి తెలియదు, డబ్బు రాలుతోందని మాత్రం తెలుసు. ఆ చేతుల బిగువు, ఆ ఎండిన మెడ చూశాక పక్కనున్న దేవతాసుందరి గుర్తుండదు. రెంబ్రాంట్ దనాయె అయితే అసలు నాణేలే వెయ్యలేదు, ఉత్త వెలుగు వేశాడు, నా దృష్టిలో ఈ కథకి వచ్చిన బొమ్మలన్నిట్లో అది గొప్పది. 1985లో ఒకడు దాన్ని కత్తితో పొడిచి యాసిడ్ పోశాడు, బాగుచేసి మళ్ళీ జనానికి చూపించడానికి పన్నెండేళ్ళు పట్టింది. అది సెంట్ పీటర్స్‌బర్గ్‌లో ఉంది, మామూలు యూరప్ టూర్‌లో కుదిరేది కాదు.

పారిస్ వెళ్ళనివాళ్ళు ఉండరు, లూవ్ర్ చూడనివాళ్ళూ ఉండరు. లూవ్ర్‌లో వెరొనేసె వేసిన, పాపాల మీద జూపిటర్ పిడుగులు విసిరే పెద్ద బొమ్మ ఉంది. అది వెనిస్ ప్రభుత్వ భవనం కప్పుకి వేసింది, 1797లో నెపోలియన్ సైన్యం పీక్కొచ్చింది. తలెత్తి చూడాల్సిన బొమ్మని ఎదురుగా నిలబెట్టి చూస్తే దాని ఊపు సగం పోయింది, దానికోసం వెతుక్కోవద్దు. ఆ సమయం గుస్తావ్ మోరో ఇంటికి ఇవ్వండి. తొమ్మిదో వార్డులో మోరో బతికిన ఇల్లే మ్యూజియం, చుట్లు తిరిగే మెట్లెక్కి పైకి వెళ్తే 1895లో పూర్తిచేసిన 'జూపిటర్ - సెమెలె' ఉంటుంది. నీ అసలు రూపం చూపించు అని సెమెలె పట్టుబడితే జూపిటర్ చూపిస్తాడు, ఆ తేజస్సుకి ఆమె కాలిపోతుంది. విశ్వరూపం చూడటానికి అర్జునుడికి దివ్యదృష్టి ఇచ్చారు, ఈమెకి ఎవరూ ఇవ్వలేదు. రెండు మీటర్ల బొమ్మలో వేలెడు జాగా ఖాళీ ఉండదు, పూలు, రాళ్ళు, రెక్కలు, కళ్ళు, ఒకదాంట్లోంచి ఒకటి పుట్టుకొస్తుంటాయి, మధ్యలో గడ్డం లేని జూపిటర్ రెప్ప వెయ్యకుండా ఎదురుగా చూస్తుంటాడు, ఆయన తొడమీద ఆ పిల్ల చిన్న బొమ్మలా పడి ఉంటుంది. మన గుడి గోపురాలు చూస్తూ పెరిగిన కళ్ళకి ఆ కిక్కిరిసిన తీరు వెంటనే పడుతుంది. కొందరికి ఊపిరాడనట్టు ఉంటుందట, నాకు మాత్రం పక్కకి రావాలనిపించలేదు.

సింహాసనం జూపిటర్ కోసం ప్రయాణం చేయకండి అన్నాను కదా, దానికి ఒకే ఒక్క మినహాయింపు ఆంగ్ర్ వేసిన 'జూపిటర్ - తేటిస్'. 1811లో వేసింది, ఇప్పుడు దక్షిణ ఫ్రాన్స్‌లో ఎక్స్-ఆన్-ప్రోవాన్స్‌లోని గ్రానె మ్యూజియంలో ఉంది, మూడు మీటర్లు దాటిన ఎత్తు. తన కొడుకైన గ్రీకు వీరుడు అకిలీస్ పరువు నిలబెట్టమని సముద్రదేవత తేటిస్ మోకాళ్ళ మీద ఉండి జూపిటర్‌ని వేడుకుంటుంది, ఒక చెయ్యి ఆయన ఒళ్ళో, ఇంకో చెయ్యి పాములా సాగి పైకి వెళ్ళి వేలికొసలతో ఆయన గడ్డాన్ని తాకుతుంటుంది. మన దగ్గర కూడా గడ్డం పట్టుకుని బతిమాలతాం, అందుకే ఆ సైగ నాకు ఎవరూ వివరించకుండానే అర్థమైంది. ఆయన కొండలా కదలకుండా ఉంటాడు, ఎటో చూస్తుంటాడు, ఎడమవైపు మబ్బుల చాటున జూనో కాపు వేసి ఉంటుంది. ఆమె మెడ అలా ఉండదు, చెయ్యి అలా సాగదు అని అప్పటి పెద్దలు తిట్టిపోశారు, 1834 దాకా ఎవరూ కొనలేదు. ఆ సాగిన చెయ్యే ఆ బొమ్మ ప్రాణం, సరైన కొలతలతో వేస్తే ఆ వేడుకోలు ఉండేది కాదు. మార్సెయ్ దాకా వెళ్ళేవాళ్ళైతే తప్పకుండా వెళ్ళండి, పారిస్ నుంచి దీనికోసమే వెళ్ళి రమ్మని మాత్రం చెప్పను.

పోలండ్ వెళ్ళేవాళ్ళకి క్రాకోవ్ వావెల్ కోటలో డోస్సో డోస్సి బొమ్మ, 1520ల నాటిది. జూపిటర్ పిడుగుని కాళ్ళ దగ్గర పడేసి, ఈజిల్ ముందు కూర్చుని సీతాకోకచిలుకలకి రంగులు వేస్తుంటాడు, ఎవరో ఆడమనిషి మొరపెట్టుకోవడానికి వస్తే దేవతల దూత మెర్క్యురీ నోటిమీద వేలు పెట్టి ఆగమంటాడు. నాజీలు దోచుకున్న బొమ్మ ఇది, తర్వాత వియన్నాలో ఉండి చివరికి అసలు కుటుంబం చేతి మీదుగా క్రాకోవ్‌కి చేరింది. పిల్లలకి చూపించడానికి దీన్ని మించింది లేదు.

అమెరికాలో ఉన్నవాళ్ళు మాత్రం యూరప్ దాకా రాకుండానే ఒక గొప్ప బొమ్మ చూడొచ్చు. స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ కోసం టిషియన్ 1562లో పూర్తిచేసిన 'యూరోపా' బోస్టన్ గార్డ్‌నర్ మ్యూజియంలో ఉంది. ఎద్దు రూపంలో జూపిటర్, కొమ్ములకి పూలదండ, వీపు మీద వెల్లకిలా పడిపోతూ యూరోపా. ఆ ఎద్దు కన్ను మనవైపే చూస్తుంటుంది. కలిస్టో కథకి కాన్సాస్ సిటీలో బూషే 1759లో వేసిన బొమ్మ ఉంది, అక్కడ జూపిటర్ ఏకంగా డయానా దేవత వేషంలో ఉంటాడు, ఇద్దరూ ఆడవాళ్ళే అనుకుంటాం. ఇలాంటి చోట గద్ద కోసం వెతకండి. జూపిటర్ ఎంత వేషం మార్చినా చిత్రకారులు చాలాసార్లు ఒక మూల గద్దని పెడతారు, అది కనిపిస్తే ఆయన ఉన్నట్టే.

టికెట్లు కొనేముందు ఒక్క జాగ్రత్త. ఒకసారి ఒక ఊరికి నాలుగు గంటలు రైల్లో వెళ్ళి, మ్యూజియంలో నేను చూడాలనుకున్న బొమ్మ చోట ఉత్త గోడ, ఒక చీటీ చూశాను, ఎగ్జిబిషన్ కోసం వేరే దేశానికి పంపారట. మ్యూజియం వెబ్‌సైట్‌లో ఆ బొమ్మ ఇప్పుడు గోడ మీద ఉందో లేదో చాలావరకు రాస్తారు, అనుమానంగా ఉంటే మెయిల్ పెట్టండి, నాకైతే రెండు మూడు రోజుల్లో జవాబు వస్తుంటుంది.

మా చెల్లెలు వాళ్ళు చివరికి వెనిస్, వెరోనా, మాంటువా, వియన్నా అని ఖాయం చేసుకున్నారు. పిల్లాడికి ఇంకో పని కూడా అప్పగించాను. చిల్లర తీసుకున్నప్పుడల్లా రెండు యూరోల నాణేలు తిప్పి చూడమన్నాను, గ్రీసు వేసిన నాణెం దొరికితే దాని మీద ఎద్దు, ఎద్దు మీద యూరోపా ఉంటారు. ఖర్చుపెట్టకుండా దాచుకుంటే ఇంటికి పట్టుకెళ్ళొచ్చు.